దుబాసి

నా పని చిన్నది.
ఒకరి నోట్లోంచి తీసి
ఇంకొకరి చెవిలో వేయడం.
మధ్యలో నా చేతికేమీ అంటకూడదు.

సీదీ ఇఫ్నీ రేవులో మా తాత
స్పానిష్ దొరల అంట్లు తోముతూ నేర్చిన భాష
ఇన్నాళ్ళకి నాకు కూడు పెడుతోంది.
ఆ వేళ అట్లాస్ కొండ మీదికి
చిలీ నుంచి రెమిహియో వచ్చాడు.
చేపలు పట్టేవాడు.
కొన్నేళ్ళు మబ్బుల్ని కూడా పట్టాడు.

వల పరిచి చూపించాడు.
రెండు గుంజలు, నల్లటి అల్లిక,
కింద దోనె, దోనెకో గొట్టం.
సముద్రం మీంచి వచ్చే పొగమంచు
వలలో చిక్కి చుక్కవుతుంది.
చుక్కకి చుక్క తోడై తొట్టి నిండుతుంది.
"మేం దాన్ని కమంచాకా అంటాం" అన్నాడు.
"మేం తగూత్ అంటాం" అంది ఇజ్జా.
నేను నోరు తెరవాల్సిన పని లేకపోయింది.
ఇద్దరూ పడమటికే చూస్తున్నారు.

ఇజ్జాకి అరవై దాటాయి.
నీళ్ళకి రోజూ మూడు గంటలు నడిచిన మనిషి.
ఆ దారిలో మూడు గాడిదలు పోయాయి,
వాటి పేర్లు ఇప్పటికీ వరసగా చెబుతుంది.
ఆమె వలని ముట్టుకోలేదు.
"మీ ఊళ్ళో ఎన్నాళ్ళు నిలిచింది?" అంది.

రెమిహియో టోపీ తీశాడు.
"పదేళ్ళు."
"తర్వాత?"
చాలాసేపు పలకలేదు.
మౌనానికి కూలి కడతారో లేదోనని
నేను లెక్కలు వేసుకుంటున్నాను.

తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.
గాలికి ఒక వల చిరిగింది.
ఎవరిది? అందరిదీ.
ఎవరు కుట్టాలి? అందరూ.
కాబట్టి ఎవరూ కుట్టలేదు.
గుంజలు ఒకడు కోళ్ళ గూటికి పట్టుకుపోయాడు.
ట్యాంకరు లారీ మళ్ళీ కొండెక్కింది,
బిల్లు పుస్తకంతో సహా.
ఆ ఒకడు మా బావమరిది,
ఇది మాత్రం చెప్పొద్దు, అన్నాడు నాతో.

చెప్పాను.
ఇరవై ఏళ్ళ వృత్తిలో ఒక్క తప్పు.
ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.
మాకూ ఉన్నార్లే బావమరుదులు, అంది ఒకామె.

జీపుల్లో వచ్చినవాళ్ళంతా ఇదివరకు
గెలిచిన కథలే దించి వెళ్ళారు.
ఓడిన కథని మోసుకుని
ఇంత సముద్రం దాటినవాడు ఇతనొక్కడే.

ఇజ్జా లేచి "రా" అంది.
కొండ కొమ్మున రాతి గాదెలు.
మూడంతస్తులు, ఇంటికో అర.
తలుపుకి మూరెడు కొయ్య తాళంచెవి,
మేకులే దాని పళ్ళు.
అది ఒక్కడి దగ్గరే ఉంటుంది.
ఏటా ప్రతి ఇల్లూ అతనికి కుంచెడు బార్లీ కొలవాలి.
కొలవని ఇంటి పేరు
శుక్రవారం అందరి ముందూ చదువుతారు.
తిట్టరు.
చదువుతారంతే.

"పదిమందిదైన దానికి ఒకడు కాపలా ఉండాలి.
ఆ ఒకడి పొట్టకి పదిమందీ పూచీ పడాలి."
ఈ రెండు ముక్కలు అవతలి ఒడ్డుకి చేర్చేసరికి
నాకు చెమట పట్టింది.
పూచీకి మాట దొరక్క
పొట్ట మీద చెయ్యేసి చూపించాను.

రెమిహియో తాళంచెవిని అరచేతిలో తూచాడు.
కాగితం మీద గీసుకున్నాడు, పళ్ళు లెక్కపెట్టి మరీ.
"మా ఊళ్ళో బార్లీ పండదు" అన్నాడు.
"చేపలు కొలవండి" అందామె.

రెండేళ్ళయింది.
అక్కడ గుంజలు మళ్ళీ పాతారట.
కాపలా ఎవరనుకున్నారు, బావమరిదే.
ఇంటికి రెండు బుట్టల చేపలు,
గూట్లో కోళ్ళు మాత్రం తడుస్తున్నాయట.

ఇక్కడ ఇజ్జా గుమ్మంలో కుళాయి.
పొద్దున్నే కబురు పెట్టి నన్ను పిలిచింది.
"నీళ్ళొచ్చాయి సరే, దారి పోయింది.
నడిచేటప్పుడు ఆరుగురం ఉండేవాళ్ళం.
ఇప్పుడు కోడలి మీద చాడీలు
నేనెవరికి చెప్పుకోను?
వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు దీనికేం చేశారో
అడుగు" అంది.

ఫోను చేతిలోనే ఉంది.
అక్కడింకా తెల్లారలేదు.